పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టేసి రైల్లో మర్యాదలంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

సెలవులొచ్చాయని పోయిన ఆదివారం మీ పేజీలో మూడు బాక్సులు వేశారు. ఊరెళ్ళే ముందు ఏం కొనుక్కోవాలి, పిల్లలకి ఏ హాబీ అలవాటు చేయాలి, ప్రయాణంలో పక్కవాళ్ళకి ఇబ్బంది లేకుండా ఎలా మసలుకోవాలి అని. మా అమ్మాయి వాటిని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టింది. నా అభ్యంతరం ఒక్కటే, మూడూ ముగ్గురు రాసినట్టున్నారు, ఒకరిది ఇంకొకరు చదివినట్టు లేరు. హాబీ అనగానే స్విమ్మింగు, కీబోర్డు, కోడింగు అని ఫీజు కట్టే క్లాసులే రాశారు. మర్యాదల దగ్గరకొచ్చేసరికి పిల్లలు అల్లరి చేయకుండా చూసుకోవాలి అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఎలా చూసుకోవాలండీ? అది ఎవరూ చెప్పరు గనకే అందరూ తమకి తెలిసిన ఒకే ఒక్క ఉపాయం వాడుతున్నారు, పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టేసి ఊపిరి పీల్చుకుంటున్నారు.

సామర్లకోట నుంచి సికింద్రాబాద్ వెళ్ళే రాత్రి బళ్ళలో తరచూ తిరిగే మనిషిని కాబట్టి చెప్తున్నా. సామాన్లు సర్దీ సర్దకముందే ఒక బెర్తు మీంచి కార్టూన్ పాటలు మొదలవుతాయి. ఎదురు బెర్తులో వాళ్ళ నాన్నగారి రీల్స్, ఒకే వెకిలి నవ్వు మళ్ళీ మళ్ళీ. సైడ్ లోయర్‌లో ఇంకొకాయన స్పీకర్ ఆన్ చేసి, వాళ్ళ ఊళ్ళో ఎకరం ఎంతకి తెగిందో బోగీ అంతటికీ వినిపిస్తాడు. రాత్రి పది దాటాక గట్టిగా పాటలు పెట్టకూడదు, ఫోన్లో గట్టిగా మాట్లాడకూడదు, నైట్ లైటు తప్ప మిగతావి ఆర్పేయాలి అని రైల్వే బోర్డు 2022 జనవరిలోనే ఆదేశాలిచ్చింది. వినకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయొచ్చు, రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ మాటే ఒకసారి టీటీఈ గారితో అంటే "సర్దుకోండమ్మా, చిన్నపిల్లలు కదా" అన్నారు. అప్పటికి ఫోన్ పట్టుకుని ఉన్నవాడికి మీసాలు కూడా ఉన్నాయి.

సరే, పది తర్వాతకి రూలుంది. సాయంత్రం ఎక్కినప్పట్నుంచి పది దాకా ఏ రూలు పెడతారు? ఆ నాలుగ్గంటలూ పిల్లాడికి ఏదో ఒక పని ఉండాలి, లేకపోతే ఎంత బుద్ధిమంతుడైనా అప్పర్ బెర్తుకి నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఉంటాడు, ఆ మధ్యలో ఎవరి కాఫీనో తన్నేస్తాడు. అందుకని నా సలహా, పిల్లలకి రైలునే హాబీగా ఇవ్వండి. ఒక నోటు పుస్తకం, పెన్సిలు, సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు.

కిటికీ బయట కరెంటు స్తంభాలు పోతుంటాయి కదా, వాటికి చిన్న పలకలుంటాయి, పైన ఒక అంకె, కింద ఒక అంకె. పైది కిలోమీటరు, కిందది ఆ కిలోమీటరులో ఆ స్తంభం నంబరు. పై అంకె మారిన క్షణం నుంచి మళ్ళీ మారేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3600ని ఆ సెకన్లతో భాగిస్తే బండి గంటకి ఎన్ని కిలోమీటర్ల వేగంతో పోతోందో వచ్చేస్తుంది. 36 సెకన్లు పడితే వంద, 45 పడితే ఎనభై. మా మనవడికి ఇది నేర్పితే "ఫోన్లో యాప్ చూపిస్తుంది కదరా" అని వాళ్ళ నాన్న పక్కనుంచి అడ్డుపుల్ల వేశాడు. వాడు వింటేగా, యాప్ తప్పు చెప్తోందని నిరూపించడమే పనిగా పెట్టుకుని రాజమండ్రి నుంచి ఏలూరు దాకా భాగహారాలు చేశాడు. స్కూల్లో అదే లెక్క ఇస్తే కడుపునొప్పి వస్తుంది వాడికి.

స్టేషన్ పేరు రాసిన పసుపు బోర్డు కింద సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో కూడా రాసి ఉంటుంది, చాలామంది పెద్దవాళ్ళే గమనించరు. ఆగిన చోటల్లా ఆ అంకె రాసుకోమనండి. రాజమండ్రి చుట్టుపక్కల గోదావరి ఒడ్డు ఊళ్ళు దాదాపు సముద్రంతో సమానంగా ఉంటాయి, కాజీపేట వచ్చేసరికి రెండొందలు దాటిపోతుంది. బండి ఎక్కడా కొండ ఎక్కినట్టే లేదే, మరి ఇంత ఎత్తుకి ఎప్పుడొచ్చాం అని పిల్లలే అడుగుతారు. ఇంజను మీద డబ్ల్యూఏపీ-7 అని రాసుంటే డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, అంటే వెడల్పు పట్టాలు, ఏ అంటే ఏసీ కరెంటు (చల్లగాలి ఏసీ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు), పీ అంటే ప్యాసింజర్ బళ్ళు లాగేది. పీ బదులు జీ ఉంటే గూడ్సుది. దాని పక్కనే లాలాగూడ అనో విజయవాడ అనో ఏ ఇంజన్ల షెడ్డుదో కూడా రాసి ఉంటుంది. ఎదురుగా పోయే బండి చివరి పెట్టె వెనక పెద్ద ఇంటూ గుర్తు ఉందో లేదో చూడమనండి. అది కనపడితే మధ్యలో పెట్టెలేవీ ఊడిపోలేదు, బండి మొత్తం వచ్చేసిందని స్టేషన్ వాళ్ళకి అర్థం.

ఇక గోదావరి. ఆర్చి బ్రిడ్జి మీదుగా పోతే 28 కమానులు లెక్కపెట్టొచ్చు, రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి మీద పోతే నెత్తిమీద బస్సులు వెళ్తున్నాయని చెప్పొచ్చు. పక్కనే కనపడే పాత హేవలాక్ వంతెన 1900లో మొదలై 1997లో రిటైరైంది. అన్నట్టు, గోదావరిలో చిల్లర వేసే అలవాటు నాకూ ఉంది గానీ, అందుకోసం కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళ ఒళ్ళోకి వంగిపోకండి, రూపాయి వాళ్ళ చేతికిస్తే వాళ్ళే వేస్తారు. పిల్లల్ని తలుపు దగ్గరికి మాత్రం పంపొద్దు, ఏం చూడాలన్నా కిటికీలోంచే.

చీకటి పడ్డాక ఇవేవీ కుదరవు, నిజమే. అప్పుడు ఊళ్ళ పేర్ల ఆట ఉంది, ఒకరు చెప్పిన ఊరి చివరి అక్షరంతో ఇంకొకరు మొదలుపెట్టడం, గుసగుసగా ఆడాలన్నది అందులో ఇంకో నియమంగా పెట్టేయండి, పిల్లలకి అదే ఎక్కువ సరదా. కాగితం మీద పులి-మేక గీసి చింతపిక్కలతో ఆడొచ్చు. అష్టాచెమ్మా మాత్రం వద్దు, ఒక్క గవ్వ బెర్తు కిందకి దొర్లిందంటే అందరి చెప్పులూ, ఎవరి ఆవకాయ జాడీయో కదిలించాల్సి వస్తుంది. ఇవన్నీ అయ్యాక సినిమా చూస్తానంటే చూడనివ్వండి, నేనేమీ ఫోన్‌కి శత్రువుని కాను, కాకపోతే ఇయర్‌ఫోన్లు పెట్టి. పిల్లాడికి వాడివి, నాన్నగారికి ఆయనవి.

ఇక్కడే మీ షాపింగ్ బాక్సు గుర్తొచ్చింది. మెడ దిండు, రంగురంగుల ట్రావెల్ పౌచ్‌లు కొనమన్నారు, ఇయర్‌ఫోన్ల మాటే లేదు. పెట్టె కొనేటప్పుడు రంగు చూసుకోండి అన్నారు గానీ కొలత చూసుకోమనలేదు. మనతో పాటు బోగీలోకి తెచ్చుకునే పెట్టె పొడవు 100, వెడల్పు 60, మందం 25 సెంటీమీటర్లు మించకూడదని రైల్వే రూలు, థర్డ్ ఏసీకైతే ఇంకా చిన్నది, 55, 45, 22.5. స్లీపర్లోనైనా థర్డ్ ఏసీలోనైనా మనిషికి 40 కిలోలు ఉచితం. ఆఫర్లో వచ్చిందని బీరువా అంత ట్రాలీ కొనుక్కొస్తారు, అది బెర్తు కిందకి పట్టదు, దారిలో నిలబెడతారు, రాత్రంతా బాత్రూమ్‌కి వెళ్ళేవాళ్ళ మోకాళ్ళకి తగులుతూ ఉంటుంది. కొట్టుకి వెళ్ళేటప్పుడు టేపు పట్టుకెళ్ళండి.

బోగీలో అమ్మకానికొచ్చే ప్లాస్టిక్ బొమ్మల సంగతి కూడా చూడండి. బొమ్మల మీద ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసి 2021 జనవరి నుంచి అమలు చేస్తున్నారు. వీటి మీద అది వెతికినా కనపడదు, పైగా వాటిలో సగం కుయ్‌కుయ్‌మని అరిచేవే. విశాఖ వైపు వెళ్తున్నవాళ్ళయితే ఏటికొప్పాక బొమ్మలు కొనండి, అంకుడు కర్రని లక్క రంగులతో తిప్పి చేస్తారు, చప్పుడు చేయవు. మంచినీళ్ళ సీసా ధర 2025 సెప్టెంబరు 22 నుంచి తగ్గింది, రైల్వే వాళ్ళ సొంత నీళ్ళు రైల్ నీర్ లీటరు 14 రూపాయలు, అర లీటరు 9. ఇరవై అడిగితే సీసా మీద అంకె చూపించి అంతే ఇవ్వండి. భోజనానికైనా బిల్లు ఇవ్వకపోతే డబ్బులు ఇవ్వక్కర్లేదని రైల్వేనే ప్రకటించింది. అలాగని ట్రే మోసుకొచ్చే కుర్రాడి మీద అరిచి లాభం లేదు, అతని వెనక కాంట్రాక్టరు ఉంటాడు, ఫిర్యాదు 139కి చేయండి.

బెర్తుల గొడవల గురించి మీ వాళ్ళు అసలు రాయనే లేదు. మిడిల్ బెర్తు వేసుకునే టైము రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, 2017 నుంచి ఇదే రూలు, అంతకుముందు తొమ్మిదికే ఉండేది. ఎనిమిదింటికే బెర్తు ఎత్తేసి కిందవాళ్ళని మెడ వంచుకుని కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆరు దాటాక దించనని భీష్మించుకునే హక్కూ లేదు. ఒంట్లో బాగోలేనివాళ్ళు, దివ్యాంగులు, గర్భిణులు అయితే అడ్డు చెప్పకుండా సర్దుకోమని ఆ రూల్లోనే ఉంది. పిల్లలకి అయిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు హాఫ్ టికెట్ తీసుకుంటే బెర్తు రాదు, బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, 2016 ఏప్రిల్ నుంచి అంతే. ఆ సంగతి తెలిసీ హాఫ్ టికెట్ తీసి, రాత్రి తొమ్మిదింటికి పిల్లాడిని పక్కవాళ్ళ బెర్తు మీద పడుకోబెట్టి "నిద్రపోయాడండీ, లేపితే ఏడుస్తాడు" అనేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. లోయర్ బెర్తు కావాలంటే అడగడంలో తప్పులేదు, నేనూ మోకాళ్ళ వల్ల అడుగుతాను. కాదంటే మాత్రం మొహం మాడ్చుకోకూడదు, ఆ కుర్రాడికి నడుం నొప్పి ఉందేమో మనకేం తెలుసు.

వచ్చే ఆదివారం వీలైతే ఈ టైములు, పెట్టె కొలతలు, హాఫ్ టికెట్ రూలు, 139 నంబరు అన్నీ కలిపి ఒకే బాక్సులో వేయండి. అక్షరాలు కాస్త పెద్దగా ఉండాలి, నైట్ లైట్లో ఎదుటివాళ్ళకి చూపించాల్సి వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సామర్లకోట