ఆ కూతురు ఎందుకు ఏడవాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

మంచాన పడిన తండ్రికి సేవ చేసే కూతురి మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన కథ గురించి కొన్ని వారాలుగా ఈ పేజీలో ఉత్తరాలు వస్తున్నాయి. "ఇలాంటి కూతురు ఎక్కడైనా ఉంటుందా?" అని ఒకరు, "తెలుగు ఆడపడుచులకు అవమానం" అని ఇంకొకరు, "సమాజానికి ఈ కథ ఇచ్చే సందేశం ఏమిటి?" అని ఇద్దరు ముగ్గురు. కథ చివర వేసిన నంబరుకు ఫోను చేసి రచయిత్రిని కడిగిపారేశానని ఒక పెద్దమనిషి గర్వంగా రాసుకున్నారు. మీ నాన్నను కూడా ఇలాగే చూసుకున్నారా అని అడిగారట! సూర్యకాంతం గారి గయ్యాళి అత్తలను చూసి ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారని చెప్పుకుంటారు. ఆ అలవాటు మనకు ఇంకా పోలేదన్నమాట.

ఇంతకీ ఆ కూతురు చేసిన నేరం ఏమిటి? మాత్రలు పొడి చేసి పెరుగన్నంలో కలిపి తినిపిస్తుంది. వీపు మీద పుండ్లు పడకుండా రాత్రివేళ లేచి తండ్రిని పక్కకు తిప్పుతుంది. గోళ్లు తీస్తుంది. పింఛను డబ్బుకు పైసలతో సహా లెక్క రాస్తుంది. ఇవన్నీ చేస్తూ, ఆయన ఎప్పుడు పోతాడా అని ఎదురు చూస్తుంది. పోయాక కర్మకాండలు సక్రమంగా జరిపించి, మంచం అమ్మేసి, ఆ గదిలో చాప వేసుకుని హాయిగా నిద్రపోతుంది. కన్నీరు లేదు, పశ్చాత్తాపం లేదు.

ఆమె తండ్రిని కొట్టి, తిండి పెట్టకుండా మాడ్చి ఉంటే మీకు ఒక్క ఉత్తరమూ వచ్చేది కాదని నా అనుమానం. రాక్షసి అనేసి పేజీ తిప్పేవాళ్లం. రోజూ రాత్రి టీవీ సీరియళ్లలో అలాంటి ఆడవాళ్లు పాలలో విషం కలుపుతూనే ఉన్నారు, మనం భోజనం చేస్తూ చూస్తూనే ఉన్నాం. ఈమె చేయవలసిందంతా చేసింది, ప్రేమ ఒక్కటే లేదు. తిట్టడానికి తప్పు దొరకలేదు, మెచ్చుకోవడానికి మనసు రాలేదు. ఆ ఉక్కపోతే ఈ ఉత్తరాలన్నీ. నా భార్య మా అమ్మను చివరి రోజుల్లో చూసుకున్న మనిషి. కథ చదివి, "ఈ అమ్మాయి అబద్ధం రాయలేదు" అని పేపరు మడిచి పెట్టింది. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

సందేశం అడిగేవారికి మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడింది ఈ విజయనగరంలోనే. 1897లో అచ్చు వేసినప్పుడు గురజాడ దానికి ఇంగ్లీషులో ముందుమాట రాశారు. విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల, అంటే డబ్బు పుచ్చుకుని ఆడపిల్లను ఇచ్చిన పెళ్లిళ్ల, లెక్క అందులో ఉంది: 1,034. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది నిండిన పసికందులు కూడా ముగ్గురు ఉన్నారు. ఇంత ఘోరం చేతిలో పెట్టుకున్న మనిషి ఒక ఆదర్శ యువకుణ్ణి నాయకుడిగా నిలబెట్టి, అతని చేత ఉపన్యాసాలు చెప్పించి ఉండవచ్చు. ఉపన్యాసాలు చెప్పించారు కూడా, కాని ఎవరి చేత? పూటకూళ్లమ్మ సంత సామానుకు ఇచ్చిన డబ్బు తినేసినవాడు, చదువు చెప్పే నెపంతో శిష్యుడి ఇంట్లో చేరి అతని వితంతువైన అక్కను లేవదీసుకుపోయినవాడు, గిరీశం చేత! వితంతు వివాహం గురించి అంత గొప్పగా మాట్లాడేవాడు నాటకంలో మరొకడు లేడు. వాడు మాట్లాడుతుంటే సంస్కరణ మీద మనకున్న నమ్మకం మీదే మనకు అనుమానం పుడుతుంది. అదే నాటకంలోని వకీలు సౌజన్యారావు పంతులు గారు నిజంగా మంచివారు. ఆయన మాట ఒక్కటి ఎవరైనా తడుముకోకుండా చెప్పగలరా? ఇక నాటకం చివర గిరీశం ఏడ్చాడా, కాళ్ల మీద పడ్డాడా? కథ అడ్డం తిరిగిందని విసుక్కుని వెళ్లిపోయాడు.

గిరీశం మనల్ని నవ్విస్తాడు కాబట్టి బతికిపోయాడు. నవ్వించని వాళ్ల గతి వేరు. నేను శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయినవాణ్ణి. పాఠకుడి అసలు మనసు విమర్శ వ్యాసాల్లో కాదు, పుస్తకం అంచుల్లో పెన్సిలు రాతల్లో కనబడుతుంది. (పుస్తకాలపై రాయరాదు అని బోర్డు పెట్టింది నేనే, ఆ రాతలన్నీ శ్రద్ధగా చదివిందీ నేనే.) గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' మా దగ్గర అట్టలు ఊడిపోయేదాకా తిరిగింది. సీతారామారావు వంశ ప్రతిష్ఠ పేరుతో ఆస్తి తగలబెట్టి, చేతకానితనానికి తత్వం తొడిగి, చివరకు పెళ్లాం ఇందిర మీద చెయ్యి చేసుకుంటాడు. ఆ పుటల అంచున ఒకరు "వీణ్ణి ఎవరైనా తన్నండి" అని రాశారు. దాని కింద మరో దస్తూరీలో "ముందు మనల్ని" అని ఉంది. ఇంకాస్త కింద ఆడవాళ్ల రాతలా కనిపించే పొందికైన అక్షరాలు: "పాపం ఇందిర". మూడు తరాల పాఠకులు ఒక పుట అంచున పోట్లాడుకున్నారు. ఆ నవలను గోపీచంద్ తన తండ్రికి అంకితం ఇచ్చారు, "ఎందుకు?" అని అడగడం నేర్పినందుకు. నచ్చని పాత్ర చేసే పని అదే అనుకుంటాను. నచ్చిన పాత్రను ఎవరూ ఎందుకని అడగరు.

ఒక ఉద్యోగి ఆ పుస్తకాన్ని సగంలో తిరిగి ఇచ్చేస్తూ "ఇలాంటివి ఎందుకు కొంటారండీ, డబ్బు దండగ" అని నా మీద విరుచుకుపడ్డాడు. కొన్నాళ్లకు అతనే వచ్చి, నా బల్ల ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, అదే పుస్తకం అడిగి తీసుకుపోయాడు.

ఆడ పాత్ర అయితే ఆ రెండో అవకాశం కూడా ఇవ్వం. భర్తను వదిలి ప్రియుడితో వెళ్లిపోయిన ఆడదాని కథ, చలం 'మైదానం' తీసుకునేవారు పాత పేపరు అట్ట వేసుకుని మరీ పట్టుకుపోయేవారు. చదవడం మానలేదు, చదివామని చెప్పలేదు. మీ కథలో కూతురి బదులు కొడుకు ఉండి, అలాగే విసుక్కుంటూ సేవ చేసి ఉంటే? "ఈ రోజుల్లో అంత చేసే కొడుకు ఎక్కడ ఉన్నాడు" అని ఇదే పేజీలో మెచ్చుకోలు వచ్చేది. రచయితకు ఫోను చేసి మీ నాన్న సంగతి ఏమిటని ఎవరూ అడిగేవారు కాదు.

కథలో లోపం లేదని నేను అనను. ఉంది. తండ్రిని మరీ దేవుడిలా రాశారు. అన్నేళ్లు మంచంలో ఉన్న మనిషి ఒక్కసారైనా చిరాకు పడకుండా ఉంటాడా? ఆయన కూడా కాస్త కష్టపెట్టే మనిషై ఉంటే కథ ఇంకా బరువెక్కేది. అయితే ఈ మాట అనడం వేరు, చివర కూతురి చేత తండ్రి ఫోటో ముందు ఏడిపించాలని అడగడం వేరు. పాఠకుణ్ణి ఊరడించడానికి చివరి పేరాలో పెట్టించే ఆ ఏడుపును ఆదివారం సంచికల్లో ఎన్నిసార్లు చదివామో మీకు నాకంటే బాగా తెలుసు.

కనుక మీకు రెండు మనవులు. మీ సంక్రాంతి కథల పోటీ నిబంధనల్లో "కథలు సందేశాత్మకంగా ఉండాలి" అనే వాక్యం ఏటా వేస్తున్నారు. ఈసారి దాన్ని తీసివేయండి. రెండోది, కథ కింద రచయితల ఫోను నంబరు వేయడం మానండి. పాఠకులు రాసేవి మీ చిరునామాకు రానివ్వండి. తిట్లు ఉంటే ముందు మీరు చదువుకుని, పనికొచ్చేవే వారికి పంపండి. ఆ రచయిత్రి మరో కథ పంపి ఉంటే, అందులో మనిషి ఇంతకంటే చేదుగా ఉన్నా సరే, చివరి పేరా ముట్టుకోకుండా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
విజయనగరం