కవలల బొమ్మ ఉంటే 1731 నాటి కత్తి అయిపోతుందా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఆదివారం అనుబంధంలో పాత కాలపు మడత క్షవరం కత్తుల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, కాదనను, కానీ రెండో ఫొటో కింద ‘1731 నాటి జర్మన్ కత్తి’ అని రాసేశారు చూడండి, ఇక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ కత్తి మీద కవలల బొమ్మ ఉంది. జర్మనీలో కత్తులకి పేరుమోసిన జోలింగెన్ ఊళ్ళో పీటర్ హెంకెల్స్ అనే కత్తుల తయారీదారు ఆ ముద్రని 1731 జూన్ 13న నమోదు చేయించిన మాట నిజమే. అయితే అది ముద్ర పుట్టిన రోజు గానీ కత్తి పుట్టిన రోజు కాదు కదా, ఆ కవలల బొమ్మ ఇవాళ్టికీ వాడుకలోనే ఉంది. మీ ఫొటోనే కాస్త పెద్దది చేసి చూడండి, బొమ్మ పక్కన జె.ఎ. హెంకెల్స్ అని పేరుంది. ఆ జొహాన్ ఆబ్రహాం హెంకెల్స్ పుట్టిందే 1771లో! పుట్టడానికి నలభై ఏళ్ళ ముందే కత్తుల మీద పేరు కొట్టించుకున్నాడంటే నమ్మమంటారా?

అంతకన్నా గట్టి సాక్ష్యం పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది, జర్మనీ అని, అదీ ఇంగ్లిష్‌లో. వాళ్ళ దేశాన్ని వాళ్ళు డాయిష్‌లాండ్ అంటారు, జర్మనీ అని కొట్టారంటే అది బయటి దేశాలకి పంపిన సరుకు. విదేశీ కత్తులకి ఇంగ్లండ్‌లో కత్తులకి పేరుమోసిన షెఫీల్డ్ ఊరి పేరు తగిలించి అమ్మేస్తున్నారని గోల ముదిరి, ఆ మోసం ఆపడానికి బ్రిటన్ 1887లో చట్టం తెచ్చింది. తర్వాత అమెరికా 1890 నాటి సుంకాల చట్టంలో దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు ఇంగ్లిష్‌లో ఉండి తీరాలని పెట్టింది, 1891 నుంచి అది అమల్లోకొచ్చింది. అందుకే ఇంగ్లిష్‌లో దేశం పేరు కనపడితే ఆ కత్తి దాదాపుగా ఆ కాలానిదో ఆ తర్వాతదో అనుకోవాలి. ఇదే మాటని తిరగేసి చెప్పకూడదు సుమా. దేశం పేరు లేనంత మాత్రాన పాతదని కాదు, సొంత దేశంలో అమ్ముకునే కత్తికి ఆ గొడవే లేదు. పశ్చిమ జర్మనీ అని ఉంటే మటుకు పని సులువు, 1949 తర్వాతదే.

కొన్ని షెఫీల్డ్ కత్తుల మీద కిరీటం, దానికి అటూ ఇటూ రెండు అక్షరాలు ఉంటాయి. వి.ఆర్. అంటే విక్టోరియా రాణి, అంటే 1837 నుంచి 1901 దాకా. డబ్ల్యు.ఆర్. అయితే నాలుగో విలియం, 1830 నుంచి 1837 వరకే, అందుకే అది దొరికితే సంబరపడతారు. జి.ఆర్. దగ్గరే చిక్కు. నాలుగో జార్జి 1830లో పోయాడు, ఐదో జార్జి 1910లో వచ్చాడు, అక్షరాలు మాత్రం అవే. అలాంటప్పుడు అలుగుని రెండు పక్కలా ఎంత లోపలికి గుంటగా సానపట్టారు, కీలు వెనక తోక ఎంత పొడుగుంది అని చూడాలి. తోక లేకుండా మొండిగా ఉంటే బాగా పాతదని అనుమానించవచ్చు. పిడిని చూసి కాలం చెప్పడం నాకు ఇష్టం ఉండదు, విరిగిన పిడి తీసేసి కొత్తది వేయడం ఎప్పుడూ ఉన్నదే.

ఇంకో సంగతి. కత్తి మీద ఉన్న పేరు దాన్ని చేసినవాళ్ళదే అని మీ వ్యాసంలో ధీమాగా రాశారు. వేడ్ అండ్ బుచర్‌నే తీసుకోండి, కత్తులు చేసింది షెఫీల్డ్‌లోని బుచర్ అన్నదమ్ములు, వేడ్ అమెరికాలో వాళ్ళ సరుకు అమ్మిపెట్టిన ఏజెంటు. క్షవరం సామాను అమ్మే దుకాణాలు కూడా ఎక్కడో చేయించిన కత్తుల మీద తమ పేర్లు కొట్టించుకునేవి.

అసలు నాకు కోపం తెప్పించింది చివర పెట్టెలో ఇచ్చిన సలహా. ముద్ర కనపడకపోతే ఎమరీ పేపర్‌తో, అంటే ఇనుము అరగదీసే గరుకు కాగితంతో, రుద్దమంటారా! అలుగు మీది బంగారు రంగు రాతలు ఆసిడ్‌తో పైపైన చెక్కినవి, నాలుగు రుద్దులకే పోతాయి. కీలుకీ అలుగుకీ మధ్య మందంగా ఉండే చోట అచ్చు పెట్టి కొట్టిన ముద్ర కొంచెం లోతుగా ఉంటుంది, దాన్నీ అలాగే అరగదీస్తే ఇక కత్తికి ఊరూ పేరూ ఉండవు. కాస్త నూనె రాసి మెత్తటి గుడ్డతో తుడవండి, గదిలో దీపం ఆర్పి టార్చిలైటు పక్కనుంచి ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూడండి. అప్పటికీ అందకపోతే పల్చటి కాగితం అదిమిపెట్టి పెన్సిల్‌ని పక్కకి వాల్చి మెల్లగా రుద్దితే చాలాసార్లు అక్షరాలు తేలతాయి.

మీ మూడో ఫొటోలో ముద్ర సగమే పడింది, నక్షత్రం ఒక్కటే కనిపిస్తోంది. దాని పక్కన మాల్టీస్ శిలువ (నాలుగు చేతులూ చివరికి వెడల్పయ్యే శిలువ) కూడా ఉంటే అది షెఫీల్డ్ జోసెఫ్ రోడ్జర్స్ వాళ్ళ గుర్తు. ఆ కత్తి గలవాళ్ళు ఇంకా ఎమరీ పేపర్ తెచ్చుకోకపోయి ఉంటే, లైటు పక్కనుంచి పట్టి ఇంకో ఫొటో తీయించి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు