ఆకలి లేదంటే అలక అనుకోవద్దు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన కొత్తలో ఏడో తరగతి బాబు ఒకడు వరసగా నాలుగు రోజులు మధ్యాహ్న భోజనం ముట్టలేదు. గుడ్డు కూర పెట్టిన రోజు కూడా కంచం పక్కకు నెట్టేసి, "వాసన పడట్లేదు సార్" అన్నాడు. గేటు దగ్గర గుప్‌చుప్ తిని వచ్చాడనుకుని నేనే మందలించాను. ఐదో రోజు వాళ్లమ్మగారు వచ్చి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోందని చెప్పారు. బాబును కిటికీ వెలుతురులో నిలబెట్టి కింది రెప్ప లాగి చూస్తే తెల్లగుడ్డు లేత పసుపుగా ఉంది. రక్తపరీక్షలో హెపటైటిస్ ఎ అని తేలింది, అంటే కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వైరస్ చేరి కాలేయం వాచే కామెర్ల జబ్బు. ఇప్పుడు కోలుకుని బడికి వస్తున్నాడు. నా మందలింపు మాత్రం నన్ను వదలడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

కళ్లు పచ్చబడటానికి కొన్ని రోజుల ముందే కడుపు తేడా చేస్తుంది. వికారం, వాంతులు, నీరసం, కొద్దిపాటి జ్వరం, కుడి పక్కటెముకల కింద బరువు. నిన్నటిదాకా నోరూరించిన తాలింపు వాసనకే కడుపులో తిప్పుతుంది. కాలేయం వాచినప్పుడు కొందరికి తిన్నది కడుపులోంచి త్వరగా కిందికి దిగదు. రెండు ముద్దలకే నిండిపోయినట్టు ఉంటుంది. పైత్యరసం పేగుల్లోకి సరిగా చేరకపోతే మలం సున్నంలా పాలిపోతుంది.

ఈ జబ్బులో చాలామందికి పొద్దున పూట వికారం తక్కువగా ఉండి, సాయంత్రానికి పెరుగుతుంది. అందుకే ఇడ్లీ, జావ, పండు, ఏది సయిస్తే అది ఉదయమే పెట్టండి. తర్వాత కొంచెం కొంచెంగా. పథ్యం పేరుతో నెలరోజులు ఉప్పూ నూనే లేని చప్పిడి కూడు పెడితే బిడ్డ ఇంకా నీరసిస్తుంది. పసరు కోసం సరిహద్దు దాటించి తీసుకెళ్లడం, చేతికి వాతలు పెట్టించడం దయచేసి వద్దు. హెపటైటిస్ ఎ చాలావరకు దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకు వస్తుంది. జ్వరం మాత్ర కూడా డాక్టరును అడగకుండా వేయకండి. వాంతులు ఆగకపోయినా, పిల్లలు మత్తుగా పడుకున్నా, పొంతన లేకుండా మాట్లాడినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో గర్భిణి ఉంటే మరీ జాగ్రత్త, నీళ్ల ద్వారానే వచ్చే హెపటైటిస్ ఇ వాళ్లకు ప్రాణాంతకం కావచ్చు.

వానలకు మన మహేంద్రతనయ నది ఎర్రగా పారుతోంది. నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చి తాగించండి. పఖాళలో, చద్దన్నంలో పోసేవి కూడా ఆ నీళ్లే కావాలి. తాగే నీళ్లు కాచి, చద్దికి మాత్రం కుళాయి నీళ్లు పోసే ఇళ్లు చాలానే చూశాను. బడి ట్యాంకు కడిగించాం, కుళాయిల దగ్గర సబ్బులు పెట్టాం.

హెపటైటిస్ ఎ వైరస్ ఒంట్లో చేరాక 15 నుంచి 50 రోజుల్లో ఎప్పుడైనా బయటపడవచ్చు. కళ్లు పచ్చబడ్డాక కనీసం వారం రోజులు బడికి పంపకండి, హాజరు గురించి టెన్షన్ పడొద్దు. రెండు రోజులు వరసగా ఆకలి లేదంటే డైరీలో రాసి పంపండి. ఇక్కడ కంచం వదిలేసిన పిల్లల ఇళ్లకు ఆ సాయంత్రమే మేం ఫోన్ చేస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయుడు
పర్లాకిమిడి