‘నోరు కట్టుకో’ అనే ముందు ఒక్క మాట అడిగించండి

రాష్ట్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, మాది నెల్లూరు జిల్లా కావలి. బట్టలు కుట్టుకుని బతుకుతాను. ఏఎన్‌ఎం, ఆశా అక్కలు మా వీధికి వచ్చి 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూస్తారు. నాకు బీపీ ఉందని తెలిసింది వాళ్ల వల్లే. ఆ తర్వాత ఒక డాక్టరు గారి దగ్గరికి వెళితే, బరువు చూసి "నోరు కట్టుకో, రాత్రి అన్నం మానెయ్" అన్నారు.

అలాగే చేశాను. పొద్దున టిఫిన్ కూడా మానేశాను. మధ్యాహ్నం గ్లాసుడు మజ్జిగ. సాయంత్రానికి చేతులు వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. పిల్లలు పడుకున్నాక వంటింట్లో లైటు వేయకుండా నిలబడి తినేదాన్ని. మిగిలిన అన్నం, చేపల పులుసు, డబ్బాలో జంతికలు, అవీ అయిపోతే ఉత్త బెల్లం. రుచి తెలిసేది కాదు. ఆకలి ఎప్పుడో తీరిపోయినా చెయ్యి ఆగేది కాదు. ఆనక చప్పుడు కాకుండా గిన్నెలు కడిగి బోర్లించి ఏడ్చేదాన్ని. రేపటి నుంచి ఇంకా గట్టిగా కడుపు మాడ్చుకోవాలని ఒట్టు పెట్టుకునేదాన్ని. ఆ ఒట్టే నన్ను మర్నాడు రాత్రి మళ్లీ వంటింట్లోకి తోసేదని తెలియడానికి ఆరేళ్లు పట్టింది.

పెళ్లి భోజనంలో నాలుగు ముద్దలు ఎక్కువ తినడం లాంటిది కాదిది. కాసేపట్లోనే విపరీతంగా తినడం, ఆపుకోలేకపోవడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత తన మీద తనకే అసహ్యం. వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు ఇలా జరిగితే జబ్బుగానే చూడాలంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దీన్ని ‘బింజ్ ఈటింగ్ డిజార్డర్’ అని విడి జబ్బుగా గుర్తించింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఉంది. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనీ లేదు. మా వైపు మాత్రం దీనికి ఉన్న పేరు తిండిపోతుతనం. ఆ మాట పడలేకే ఎవరూ బయటికి చెప్పరు.

నన్ను నిలబెట్టింది నెల్లూరులో ఒక సైకాలజిస్టు మేడమ్. ఏ పూటా మానకుండా, మూడు నాలుగు గంటలకోసారి వేళకు తినమన్నారు. రాత్రి కంచంలో అన్నం పెట్టుకోవాలంటే ఎంత భయమేసిందో! ఎంత తిన్నానో కాదు, తినేముందు మనసులో ఏముందో పుస్తకంలో రాయమన్నారు. రాస్తే తెలిసింది, చీటీ డబ్బు కట్టాల్సిన టెన్షన్, ఇంట్లో మాటా మాటా పెరిగిన రోజు. ఏడాది పట్టింది. ఇప్పటికీ ఎప్పుడైనా జారతాను. మర్నాడు మాత్రం పస్తుండను, వేళకు ఇడ్లీ తింటాను. బస్సు చార్జీలు, ఫీజు, ఒక పూట పని పోవడం, ఇది అందరివల్లా అయ్యేది కాదు.

అందుకే అడుగుతున్నాను. బీపీ, షుగర్ రాసుకునే ఫారంలో "ఆపుకోలేక, ఎవరికీ తెలియకుండా తింటున్నారా?" అనే ప్రశ్న చేర్పించండి. అత్తగారి ముందు కాదు, విడిగా అడగాలి. అవునంటే డైట్ చీటీ ఇచ్చి పంపేయకుండా, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం డాక్టర్ల దగ్గరికి పంపాలి. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడుకునే ప్రభుత్వ సేవ ‘టెలి మానస్’ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మా వీధిలో నేను అడిగిన ఒక్కరికీ దాని సంగతి తెలియదు. ఊరూరా ఆరోగ్య కేంద్రం గోడ మీద రాయించండి.

వచ్చేసారి ఆశా అక్క పక్కింటి అమ్మాయిని ఆ మాట అడగాలని నా ఆశ. అర్ధరాత్రి వాళ్ల వంటింట్లో డబ్బా మూత చప్పుడు నాకు వినపడుతూ ఉంటుంది.

ఇట్లు,
కావలి నుంచి ఒక టైలరు