గడ్డిమందు కొట్టిన స్థలంలో మళ్లీ మొలిచింది వయ్యారిభామే

సంపాదకుల వారికి నమస్కారములు.

నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి పక్కన కొన్నేళ్లుగా ఇల్లు కట్టని ఒక స్థలం ఉంది. నిరుటి దాకా అందులో గలిజేరు, పిప్పింటాకు, తుమ్మి, గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త కలిసిమెలిసి పెరిగేవి. ప్రహరీ వారగా ఒక జిల్లేడు చెట్టు కూడా ఉండేది. వినాయక చవితి నాటి 21 పత్రాలలో నాలుగింటికి మా వీధివాళ్లం బజారుకు వెళ్లే పని ఉండేది కాదు. రథసప్తమి స్నానానికి జిల్లేడాకులూ అక్కడివే. వీటి నడుమ వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్కలు కొన్ని లేకపోలేదు.

పాములు చేరతాయని ఇరుగుపొరుగు మొత్తుకోవడంతో స్థలం యజమాని మనుషులను పంపి గడ్డిమందు కొట్టించారు. పాముల భయం కాదనలేనిది, కాబట్టి ఆయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ మర్నాడు ఉదయం నేను చూసినది ఇప్పటికీ మనసును వదలడం లేదు. రోజూ వచ్చే ఒక అవ్వ ఎప్పటిలాగే గొంతుక్కూర్చుని గలిజేరు చిగుళ్లను గోటితో గిల్లి కొంగులో వేసుకుంటున్నది. మందు కొట్టారని చెబితే, "ఆకు పచ్చంగానే ఉండాది గదమ్మా" అన్నది. ఆమె మాటలో తప్పు లేదు. గ్లైఫోసేట్ వంటి మందు ఆకులో నుంచి వేరుకు దిగి మొక్కను మెల్లగా చంపుతుంది కనుక, ఆకు పండుబారడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులూ కూర ఏరుకునేవారికి గానీ, మేకలు తోలుకొచ్చేవారికి గానీ అక్కడ మందు పడిందని తెలిసే దారి లేదు. ఒక్క అట్టముక్క మీద రాసి పెట్టినా సరిపోయేది. గ్లైఫోసేట్‌ను తెగుళ్ల నివారణ నిర్వాహకులు (పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు) తప్ప ఇతరులు వాడరాదని కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చిందన్న సంగతి మన వీధుల్లో ఎంతమందికి తెలుసు?

ఇంత చేసినా ఫలితం దక్కలేదు. ఈశాన్య రుతుపవనాల తొలి వానలు పడగానే, బోడిగా మిగిలిన ఆ నేలంతా వయ్యారిభామే కమ్ముకున్నది. మందు నిలబడి ఉన్న మొక్కను చంపుతుందే గాని మట్టిలోని విత్తనాన్ని ఏమీ చేయదు. ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది, అవి గాలికి, నీటికి, బండి చక్రాలకంటిన మట్టికి ఊరంతా చేరతాయి. గరిక, తుమ్మి వంటివి నేలను కప్పి ఉన్నప్పుడు దానికి ఇంత చోటు దొరికేది కాదు. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు తెచ్చేది, పుప్పొడి వల్ల కొందరికి ఆయాసం కలిగించేది ఈ మొక్కే గాని, గలిజేరో తుమ్మో కాదు.

కనుక నగరపాలక సంస్థ వారికి, స్థలాల యజమానులకు నా విన్నపం ఇది. వాన పడి నేల మెత్తబడినప్పుడు, తెల్లని పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వయ్యారిభామను వేళ్లతో సహా పీకించండి. మొలిచిన నెలా నెలన్నరకే పూతకు వస్తుంది కాబట్టి ఒక్కసారి పీకించి ఊరుకుంటే చాలదు, డిసెంబరు దాకా మూడు నాలుగు విడతలు తప్పవు. పాముల భయం ఉన్నచోట మిగిలిన మొక్కలను చీలమండ ఎత్తుకు కోయిస్తే సరిపోతుంది, నేలను బోడిచేయనక్కరలేదు. మురుగుకాలువ గట్టున మొలిచిన ఆకుకూరలు తినమని నేను అనడం లేదు, అవి వండుకోదగినవి కావు. కాని సర్వేపల్లి కాలువ వంటి పారుదల కాలువల గట్ల మీద మాత్రం మందు చుక్క కూడా పడనీయకండి. తప్పనిసరై ఎక్కడైనా కొట్టవలసి వస్తే, ఏ రోజు కొట్టారో, ఎన్నాళ్ల వరకు ఆకు కోయరాదో, పశువులను తోలరాదో పెద్ద తెలుగు అక్షరాలతో రాసి, చదవలేనివారి కోసం ఒక ఎర్ర గుడ్డ కూడా కట్టించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
వేదాయపాళెం, నెల్లూరు.