లఘుచిత్ర విభాగం వార్షిక నివేదిక, నెల్లూరు

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం ఆమోదించిన తీర్మానం మేరకు మన సంఘం లఘుచిత్ర విభాగం ఈ ఏడాదంతా ఒకే అంశాన్ని పట్టుకొని పనిచేసింది. కెమెరా ఎలా పట్టుకోవాలో విద్యార్థులకు చెప్పేవాళ్లు ఇప్పుడు నెల్లూరులోనూ కావలిలోనూ కొదవలేదు. చేతిలో ఫోనున్న పిల్లలకు అందులో సగం ముందే తెలుసు. తాము తీస్తున్నది ఏ జానర్ (హారర్, హాస్యం లాంటి సినిమా రకం) సినిమా, ఆ జానర్‌లో ప్రేక్షకుడు అలవాటుపడిన పద్ధతులేమిటి, వాటిలో ఏవి ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి అన్న ఆలోచనే చాలామందిలో కొరవడింది. అందువల్ల తరగతులు, ప్రదర్శనలు, అభ్యాసాలు అన్నీ దాని చుట్టూనే నడిపాం.

విద్యార్థులు తెచ్చిన కథల్లో అధికభాగం హారర్ కథలే. పాడుబడ్డ బంగళా, తెల్లచీర, గజ్జెల చప్పుడు, ఉన్నట్టుండి చెవులు పగిలే శబ్దం అన్నిటిలోనూ ఉన్నాయి. అవి వాడకూడదని మేము చెప్పలేదు. ఏది ఏ పని చేస్తుందో చెప్పగలిగితేనే వాడమన్నాం. 1920లో జర్మనీలో వచ్చిన ‘ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’లోని వంకర గోడలను, సెట్‌ల మీద రంగుతో గీసిన నీడలను చూపించి, అవి అలంకారం కోసం పెట్టినవి కావనీ, కథ చెప్పేవాడి చెదిరిన మనసే ఆ ఆకారం దాల్చిందనీ వివరించాం. ఆ తర్వాత 1975 నాటి ‘జాస్’ చిత్రాన్ని చర్చకు తీసుకున్నాం. యంత్రంతో చేసిన సొరచేప సముద్రపు నీటిలో మాటిమాటికీ మొరాయించడంతో దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ చేపను వీలైనంత తక్కువగా చూపించి, సంగీతంతోనూ నీటి కదలికతోనూ భయం పుట్టించాడు. డబ్బు, పరికరాలు లేని మన విద్యార్థులకు ఇంతకన్నా పనికొచ్చే ఉదాహరణ మాకు దొరకలేదు.

ఆ చర్చ ఫలితం ఒక చిన్న చిత్రంలో స్పష్టంగా కనిపించింది. ఇంట్లో ఒంటరిగా చదువుకుంటున్న అమ్మాయికి పెరట్లో కుళాయి కింద బకెట్ నిండుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఆ చప్పుడు ఆగిపోతుంది. కుళాయి ఎవరు కట్టేశారో చూపించలేదు, పెరట్లోకి కెమెరా వెళ్లనే లేదు. పుస్తకం మీదున్న అమ్మాయి వేలు కదలకుండా ఆగిన షాట్‌ను మాత్రం అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపే ఉంచారు. హాల్లో ఉన్న పెద్దలు కూడా ఊపిరి బిగబట్టారు. ఏడాది మొత్తంలో గజ్జెల చప్పుడు సాధించలేని పని అది.

సస్పెన్స్ మీద జరిగిన తరగతులే మా దృష్టిలో అన్నిటికన్నా ఫలించాయి. సస్పెన్స్ చిత్రాలకు పేరొందిన దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రాన్స్ దర్శకుడు ఫ్రాంస్వా త్రుఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో బల్ల కింద బాంబు గురించి చెప్పిన విషయం సినిమా చదివేవారందరికీ పరిచయమే: బాంబు ఉన్న సంగతి ప్రేక్షకుడికి చెప్పకుండా పేలిస్తే కొన్ని క్షణాల ఉలికిపాటు, ముందే చెప్పి పాత్రలను తీరిగ్గా మాట్లాడనిస్తే చాలాసేపటి ఉత్కంఠ. దీన్ని బాంబు లేకుండా, మన ఇళ్లలో జరిగే విషయంతో తీయమని అడిగాం. ఒక బృందం తండ్రి చొక్కా జేబులో కాలేజీ ఫీజు డబ్బున్న కవరును పెట్టించి, అదే చొక్కాను తల్లి సర్ఫునీళ్లలో నానబెట్టడానికి తీసుకెళ్లే సన్నివేశాన్ని రెండు విధాలుగా తీసింది. మొదటి దానిలో తడిసిన నోట్లను చివర చూపించారు. అందరూ నవ్వి ఊరుకున్నారు. రెండో దానిలో కవరు జేబులోకి వెళ్లడం మొదటే చూపించి, తల్లి బట్టలు ఒక్కొక్కటిగా నీళ్లలో వేస్తూ పక్కింటావిడతో మాట్లాడటాన్ని కత్తిరించకుండా ఉంచారు. ప్రేక్షకుల్లో ఒకరు ‘అమ్మా, జేబు చూడమ్మా’ అని పైకే అనేశారు. నటులు, చోటు, వెలుతురు, ఫోను అన్నీ రెండింటికీ అవే. మారింది సమాచారం ఇచ్చిన వరుస ఒక్కటే.

హాస్యాన్ని ఎంచుకున్నవారు తక్కువ. సులువనుకొని వచ్చిన ఒకటి రెండు బృందాలు కూడా మధ్యలో మానుకున్నాయి. మన నెల్లూరు జిల్లాకు చెందిన సింగీతం శ్రీనివాసరావు గారి ‘పుష్పక విమానం’ (1987) ప్రదర్శన ఈ కారణంగానే ఏర్పాటు చేశాం. అందులో సంభాషణలు లేవు గనుక నవ్వు ఎక్కడ పుడుతోందో చూసి పట్టుకోవచ్చు. మంచుగడ్డతో చేసిన కత్తి కరిగిపోయే సన్నివేశంలో హత్యాప్రయత్నం ఉంది, నవ్వూ ఉంది. రెండు జానర్లను కలపడమంటే ఒకదాని తర్వాత ఒకటి అతికించడం కాదని అక్కడ తెలుస్తుంది. ఆయనదే ‘ఆదిత్య 369’ (1991) చూసి, శ్రీకృష్ణదేవరాయల కాలాన్నీ భవిష్యత్తునూ ప్రేక్షకుడు చూడగానే వేరుగా గుర్తించడానికి రంగులు, దుస్తులు, వెలుతురు ఎలా తోడ్పడ్డాయో విద్యార్థులు పట్టికలు తయారుచేశారు. జానపదం, పౌరాణికం కూడా మన జానర్లేనని ఇక్కడ సభ్యులకు మనవి చేస్తున్నాం. వచ్చే ఏడాది వాటికి చోటు దక్కాలి.

కౌబాయ్ చిత్రాల విషయంలో ఉత్సాహం ఎక్కువ, ఓపిక తక్కువ. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పటినుంచి మనవాళ్లకు ఆ పద్ధతులు బాగా తెలుసు: విశాలమైన నేల, అందులో చిన్నగా మనిషి, వెంటనే కళ్లు మాత్రమే కనిపించే క్లోజప్. పెన్న ఇసుకలో ఎదురుబొదురు నిలబడ్డ ఇద్దరిని తీసిన ఒక బృందం ఆ ఇద్దరి మధ్య ఊహాగీతను దాటి కెమెరాను అవతలి పక్క పెట్టింది. దాంతో ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనిపించి, పోరు కాస్తా బస్సు కోసం ఎదురుచూపుగా మారింది. గీతకు ఒకే పక్కన 180 డిగ్రీల లోపల కెమెరా ఉండాలన్న నియమాన్ని ఆ తర్వాత ఎవరికీ మళ్లీ బోధించాల్సిన అవసరం రాలేదు.

సాంకేతిక తరగతుల గురించి క్లుప్తంగా చెబితే చాలు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ట్యూబ్‌లైట్ల కింద తీసేటప్పుడు ఫోన్ షట్టర్ వేగాన్ని (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని) సెకనులో 1/50వ వంతుగా గానీ 1/100వ వంతుగా గానీ స్థిరపరచకపోతే తెరమీద చారలు పాకుతాయి. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫోన్ తీసుకునే వెలుతురు మోతాదును, లాక్ చేయకపోతే నటుడు కదిలినప్పుడల్లా గోడ తెల్లబడి నల్లబడుతుంది. చీకటి సన్నివేశమంటే ఏమీ కనిపించకపోవడం కాదని ‘మాయాబజార్’ (1957)లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే సృష్టించిన వెన్నెలను చూపించి చెప్పాం. ధ్వని మాత్రం ఇప్పటికీ బలహీనంగానే ఉంది. మైపాడు తీరంలో తీసిన చిత్రంలో గాలి హోరు తప్ప మాటలు వినపడవు.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తున్నారు. వచ్చే ఏడాదికి మైకుకు గాలి తగలకుండా తొడిగే బొచ్చు తొడుగులు, రెండు ట్రైపాడ్‌లు కొనడానికి అనుమతి కోరుతున్నాం. పెరడు, బావి, మిద్దెమెట్లు ఉన్న పాత ఇళ్ల యజమానులైన సభ్యులు ఆదివారాల్లో చిత్రీకరణకు చోటివ్వగలిగితే తమ పేర్లను కార్యదర్శి వద్ద నమోదు చేయించగలరు. హారర్ చిత్రానికైతే ముందే చెబుతాం.