పేరు చెప్పకుండానే వెళ్లిపోయిన మేడమ్ గారికి కృతజ్ఞతలు

మొన్న శనివారం సాయంత్రం అనంతపురంలో డిగ్రీ కాలేజీల అధ్యాపకులం కలిసినప్పుడు, ఉగ్గాని బజ్జీ ప్లేటుతో నా పక్కన కూర్చున్న మేడమ్ మీరు. పేరు అడిగేలోపే కదిరి బస్సుకు టైమైందని లేచారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డిగ్రీ పిల్లలు ఊళ్లోకి వెళ్లి చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు మెంటర్‌గా ఉండటం నాకిదే మొదలు. 180 గంటలు పిల్లలతో ఊళ్లో ఏం చేయించాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నాను. వెంటనే మీరు కాగితం తీసుకుని ముందు సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమం, ఆపైన ఊరివాళ్లతో కలిసి పని, చివర్న రిపోర్టు అని వరుసగా రాసిచ్చారు.

"ఆదాయమెంత అని మొదలుపెట్టించొద్దమ్మా. వేరుశనగ ఎన్ని ఎకరాలు వేశారు, బోరులో నీళ్లున్నాయా అని అడగమను. మిగతాదంతా రైతే చెప్తాడు" అన్నారు. వేదిక మీది ప్రసంగాలూ బాగున్నాయి, కానీ నాకు దారి చూపింది ఈ మాటే. ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగినవాళ్లకే ఇలాంటివి తెలుస్తాయి.

సర్వే ప్రశ్నలన్నీ అలాగే మార్చాను. మీ కాగితం జిరాక్స్ తీసి మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన గెస్ట్ లెక్చరర్లకూ ఇచ్చాను. చాలా థ్యాంక్స్ మేడమ్. ఇది మీ కంటపడితే మా కాలేజీకి ఒకసారి తప్పకుండా రండి, పిల్లలతో మాట్లాడండి.